ధర్మకర్త ఎవరికి లెక్క చెప్పాలి

భారత చట్టం దృష్టిలో మనుషులు కాని వ్యక్తులలో ముఖ్యులు ఇద్దరు. ఒకరు గుడిలో దేవుడు, మరొకటి కంపెనీ. ఇద్దరికీ ఆస్తులుంటాయి. ఇద్దరూ కోర్టుకెక్కవచ్చు, ఇద్దరి మీదా దావా వేయవచ్చు. ఇద్దరికీ ముసలితనం లేదు. అయితే ఇద్దరూ తమంతట తాము చిటికెనవేలు కూడా కదపలేరు; వాళ్ల పేరిట ఎవరో ఒక మనిషి సంతకం పెట్టాల్సిందే. దేవతా విగ్రహానికి ఈ హోదా ఉందని 1925లో ప్రివీ కౌన్సిల్ కలకత్తాకు చెందిన ఒక కుటుంబపు ఇలవేల్పు విషయంలో తేల్చింది. 2019 నాటి అయోధ్య తీర్పులో రామ్‌లల్లా విరాజమాన్ కక్షిదారుగా నిలిచింది ఈ హోదాతోనే. కంపెనీ వేరు, దాని వాటాదారులు వేరు అని 1896లో ఇంగ్లండులో సాలమన్ కేసు తీర్పు చెప్పింది. భారత కంపెనీ చట్టం ఇప్పటికీ ఆ పునాది మీదే నిలబడి ఉంది.

దేశం ఎదుగుతున్నకొద్దీ ఈ రెండో రకం వ్యక్తి ప్రతి ఇంటి గడపలోకీ వచ్చేసింది. ఇంటికి వాడే ఉక్కు, సిమెంటు, జ్వరానికి మింగే మాత్ర, జేబులో ఫోను, నెలాఖరున వచ్చే జీతం అన్నీ కంపెనీల నుంచే. అంత బలం ఉన్నవాడికి ధర్మం కూడా ఉండాలి కదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. చిక్కు ఎక్కడుందంటే, భారతీయ ఆలోచనలో ధర్మం కర్తను అంటిపెట్టుకుని ఉంటుంది. చేసినవాడే అనుభవించాలన్నది కర్మ సిద్ధాంతంలో మొదటి మాట. కంపెనీలో నిర్ణయం ఒకరిది, లాభం ఇంకొకరిది, పొగ పీల్చేది గోడ అవతల ఊరు. కర్త ఒకచోట, భోక్త మరొకచోట అయినప్పుడు పాపపుణ్యాలు ఎవరి ఖాతాలో పడతాయి?

సంపాదన తప్పని ఈ సంప్రదాయం ఎన్నడూ అనలేదు. పురుషార్థాలు నాలుగింటిలో అర్థం రెండోది. కౌటిల్యుడైతే అసలు ముఖ్యమైనది అదేనన్నాడు, మిగతావి దాని మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి. నలుగురు కలిసి చేసే వ్యాపారానికి ధర్మశాస్త్రాల్లో ప్రత్యేకంగా ఒక శీర్షికే ఉంది: సంభూయసముత్థానం. పెట్టిన పెట్టుబడిని బట్టి లాభనష్టాలు పంచుకోవాలి. మిగతావాళ్లు వద్దన్నది చేసి గానీ, అజాగ్రత్త వల్ల గానీ సరుకు పాడుచేసినవాడు ఆ నష్టం తానే పూడ్చాలి. ఆపదలో సరుకును కాపాడినవాడికి పదో వంతు ఇవ్వాలి. యాజ్ఞవల్క్య స్మృతి చెప్పే ఈ నియమాల్లో భాగస్తుడి వెనక దాక్కునే చోటు ఎవరికీ లేదు.

తెలుగు నేల మీద రేవు వ్యాపారానికి ధర్మం ఏమిటో రాతిలో చెక్కించినవాడు కాకతీయ గణపతిదేవుడు. 1244 నాటి మోటుపల్లి అభయశాసనం సముద్రపు వర్తకులకు ఇచ్చిన హామీ. అంతకు ముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాక్కునేవారు. ధనం ప్రాణం కంటే తక్కువేమీ కాదు కాబట్టి తాము నియమిత సుంకం మాత్రమే తీసుకుని మిగతాది వదిలేస్తున్నామని శాసనం చెబుతుంది. వర్తకులు ధైర్యంగా వస్తేనే రేవు నిండుతుంది, రేవు నిండితేనే ఖజానా నిండుతుంది. దయా లెక్కా రెండూ ఆ రాతిలో ఉన్నాయి. ఒకటి ఉందని రెండోదాన్ని శంకించనక్కర్లేదు.

పాత వ్యాపారానికీ నేటి కంపెనీకీ మధ్య గీత గీసింది ఒక్క మాట: పరిమిత బాధ్యత. 1857 నాటి చట్టంతో ఇది భారతదేశంలోకి వచ్చింది. కంపెనీ మునిగితే వాటాదారుడు తన వాటా మేరకే నష్టపోతాడు. అతని ఇల్లూ పొలమూ అప్పులవాళ్ల చేతికి పోవు. ఋణం గురించిన సంప్రదాయ భావనకు ఇది పూర్తిగా ఎదురు. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలి, తీర్చకపోతే తండ్రికి సద్గతి ఉండదు అన్నది హిందూ ధర్మశాస్త్రం నుంచి న్యాయస్థానాల దాకా వచ్చిన సూత్రం. ఋణశేషం జన్మ దాటి కూడా వెంటాడుతుందని నమ్మిన సమాజం, కాగితం మీద ఒక గీతతో ఋణం ఆగిపోయే ఏర్పాటును పెద్ద చర్చేమీ లేకుండా ఒప్పుకుంది. ఒప్పుకోవడానికి కారణముంది. ఆ గీత లేకపోతే ముక్కూమొహం తెలియని వేలమంది తమ పొదుపును ఒక ఉక్కు కర్మాగారంలో పెట్టరు. 1907లో టాటా ఉక్కు కంపెనీ వాటాలు అమ్మకానికి పెట్టినప్పుడు లండన్ మొహం చాటేసింది. కావలసిన పెట్టుబడిని వేలాది మంది భారతీయులు మూడు వారాల్లో సమకూర్చారు. దేశం మొత్తం మీద నమ్మకం కలిగినందుకే కాదు, పోతే పోయేది ఇంతే అని ముందే తెలిసినందుకు కూడా వాళ్లు ముందుకు వచ్చారు. పరిమిత బాధ్యత పాపం కాదు. అయితే అది కర్తను భోక్త నుంచి విడదీసే కత్తి. ఆ కత్తితో కోసిన చోట ఏదో ఒక కట్టు కట్టాలి.

ఆ కట్టు పేరే ధర్మకర్తృత్వం.

తెలుగులో ధర్మకర్త అంటే గుడి ఆస్తి చూసుకునేవాడు. దేవుడి సొమ్ము అతని చేతిలో ఉంటుంది, అతనిది మాత్రం కాదు. ఈ మాటకూ కంపెనీకీ తిరుమలలో ఒక విచిత్రమైన చుట్టరికం ఉంది. 1801 నుంచి 1843 వరకూ శ్రీవారి ఆలయ నిర్వహణ ఈస్టిండియా కంపెనీ చేతిలోనే ఉండేది. తెలుగువాళ్లు కుంపిణీ అని పిలిచిన ఆ వ్యాపార సంస్థ కలెక్టరు ద్వారా గుడి రాబడి లెక్కలు చూసింది, ఖర్చులు నిర్ణయించింది, మిగులు తన ఖజానాకు జమ చేసుకుంది. 1821లో తయారైన బ్రూస్ కోడ్ ఆలయంలో ఎవరి విధులేమిటో, ఏ పద్దుకు ఎంతో రాసిపెట్టింది. క్రైస్తవ కంపెనీ హిందూ గుళ్లు నడపడమేమిటని ఇంగ్లండులో మిషనరీలు గోల చేయగా 1843లో ఆ బాధ్యత హథీరాంజీ మఠానికి వెళ్లింది, అక్కణ్నుంచి 1930లలో చట్టబద్ధమైన దేవస్థానానికి. కంపెనీ నడిపిన రోజుల్లో లెక్కలు చక్కగానే ఉన్నాయి. లేనిదల్లా ఒకటే: ఆ లెక్క అడిగే హక్కు భక్తుడికి లేదు. లెక్కలు రాసుకున్నది కంపెనీ, చూసుకున్నదీ కంపెనీయే.

ధర్మకర్త భావాన్ని పరిశ్రమలకు అన్వయించినవాడు గాంధీ. ఆ ఆలోచన ఉపనిషత్తుల నుంచి నేరుగా ఊడిపడిందని చాలామంది అనుకుంటారు. తన ఆత్మకథలో గాంధీ చెప్పుకున్నది వేరు. గీతలోని అపరిగ్రహం అర్థం కాక తికమకపడుతున్నప్పుడు లండన్‌లో చదివిన ఇంగ్లీషు న్యాయశాస్త్రం అక్కరకొచ్చిందట. అందులోని ట్రస్టీ, కోట్ల ఆస్తి తన అధీనంలో ఉన్నా చిల్లిగవ్వ కూడా తనది కాదనుకోవాలి. అపరిగ్రహం అంటే ఇదే అని ఆయనకు స్ఫురించింది. ధనికుడు ధనాన్ని పారేయనక్కర్లేదు. సంపాదించే తెలివిని సమాజం కోసం వాడుతూ తన అవసరాలకు మించినదానికి కాపలాదారుగా ఉండాలి. జమ్నాలాల్ బజాజ్ ఈ మాటను మనసారా నమ్మాడు. ఘనశ్యామ్‌దాస్ బిర్లా గాంధీకి డబ్బూ ఇల్లూ ఇచ్చాడు, సిద్ధాంతాన్ని మాత్రం తనకు వీలైనంత మేరకే తీసుకున్నాడు.

గమనించవలసిందేమిటంటే, గాంధీ సిద్ధాంతం కంటే ముందే ఆయన ఆచరణ ఒక పాఠం చెప్పింది. 1918లో అహ్మదాబాద్ మిల్లులు ప్లేగు రోజుల్లో ఇచ్చిన బోనస్ ఆపేస్తే కార్మికులు 35 శాతం పెంపు అడిగారు, యజమానులు 20 దగ్గర ఆగిపోయారు. యజమానుల పెద్ద అంబాలాల్ సారాభాయ్. కార్మికుల పక్షాన నిలిచింది ఆయన సొంత అక్క అనసూయ. రోజులు గడిచి, కూలీల ఇళ్లలో పొయ్యి వెలగక, పట్టు సడలుతున్న సమయంలో గాంధీ నిరాహారదీక్షకు కూర్చున్నాడు. మూడో రోజు రాజీ కుదిరింది. మధ్యవర్తిగా ఒప్పుకున్నది ఆనందశంకర్ ధ్రువ్, సంస్కృతమూ తత్త్వశాస్త్రమూ తెలిసిన ఆచార్యుడు. ఆయన తీర్పు కార్మికులు అడిగిన 35 శాతమే. మిత్రులైన యజమానుల మీద తన దీక్ష బలవంతం కిందికే వస్తుందని గాంధీ తరవాత ఒప్పుకున్నాడు. ఇందులో దాచడానికేమీ లేదు: అంబాలాల్ ఎంత మంచివాడైనా, గాంధీతో ఎంత స్నేహం ఉన్నా, మిల్లు గేటు బయట నిలబడి అడిగినవాళ్లు ఉన్నందువల్లే పెంపు వచ్చింది. రెండేళ్లకు ఏర్పడిన మజూర్ మహాజన్ సంఘం ఆ అడిగే పనిని శాశ్వతం చేసింది. సిద్ధాంతంగా ధర్మకర్తృత్వం ధనికుడి మనసు మారడం మీద ఆధారపడుతుంది, ఆచరణలో అది సంఘం మీద ఆధారపడింది.

టాటాల సంగతి ఇంకొంచెం లోతైనది. జంషెట్జీ టాటా నాగపూర్ ఎంప్రెస్ మిల్లును 1877లో ప్రారంభించాడు. చట్టాలేవీ అడగని రోజుల్లోనే పింఛను నిధి పెట్టాడు. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పని 1912లోనే వచ్చింది. సదాలోచన, సద్వాక్కు, సత్కర్మ అన్న జరతుష్ట్ర మతపు మూడు మాటలను ఆ కుటుంబం తన గుర్తుగా పెట్టుకుంది. ఇప్పుడు గ్రూపు మూలసంస్థ టాటా సన్స్‌లో దాదాపు 66 శాతం వాటా ధర్మనిధుల చేతుల్లో ఉంది. అంటే టాటా సన్స్ పంచే డివిడెండులో పెద్ద భాగం ఆసుపత్రులకూ చదువులకూ పోతుంది. గాంధీ ఊహకు ఇంత దగ్గరగా వచ్చిన పెద్ద వ్యాపారం దేశంలో మరొకటి చూపించడం కష్టం. అయినా 2006 జనవరి 2న ఒడిశాలోని కళింగనగర్‌లో అదే గ్రూపు ఉక్కు కర్మాగారానికి కేటాయించిన భూమిలో ప్రహరీ కడుతుంటే అడ్డుకున్న ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదిమందికి పైగా ఆదివాసులు చనిపోయారు. తూటా కంపెనీది కాదు, ప్రభుత్వానిది. గోడ మాత్రం కంపెనీదే. లాభం ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు టాటాల దగ్గర గొప్ప జవాబుంది. భూమి ఎక్కణ్నుంచి వచ్చిందన్న ప్రశ్నకు ఆ జవాబు సరిపోదు.

దానం విషయంలో సంప్రదాయం కూడా ఇదే అడుగుతుంది. న్యాయంగా ఆర్జించినదే దానానికి అర్హమని ధర్మశాస్త్రాలు పదేపదే చెబుతాయి. తెలుగువాళ్లకు దీనికి ఒక ఉదాహరణ చాలా దగ్గరగా ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైంది. దాన్ని స్థాపించింది సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు. రోడ్డు పక్కన రక్తం కారుతూ పడి ఉన్న మనిషికి ఒక్క ఫోనుతో బండి రావడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. 2009 జనవరి 7న అదే మనిషి, కంపెనీ లెక్కల్లో చూపిన వేల కోట్ల నగదు అసలు లేదని ఉత్తరం రాశాడు. 2015లో ప్రత్యేక కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది. అప్పీలు మీద ఆ శిక్ష అమలు నిలిచింది. 108 మోసం కాదు. అది కాపాడిన ప్రాణాలు నిజం. దొంగ లెక్కలూ నిజం. ఒకటి రెండోదాన్ని కడుగుతుందని కర్మ సిద్ధాంతం ఎక్కడా ఒప్పుకోదు. పుణ్యం పుణ్యంగా, పాపం పాపంగా వేరువేరుగా ఫలిస్తాయి. జమాఖర్చులు కలిపి నికరం తేల్చే పద్ధతి అకౌంటెంటుది, కర్మది కాదు.

చట్టం మాత్రం దానాన్ని శాతాల్లోకి దించింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఊళ్లలో ఆర్‌వో నీళ్ల ప్లాంటు మీదా బడి మరుగుదొడ్డి మీదా కనిపించే కంపెనీల పేర్లు ఈ పద్దువే. పనికొచ్చే పనులే. తాత్త్వికంగా చూస్తే మాత్రం ఇది ధర్మకర్తృత్వం కాదు. రెండు శాతం ధర్మం చేస్తే తొంభై ఎనిమిది శాతం గురించి ఎవరూ అడగరన్న ధీమాను ఇది పెంచుతుంది. అదే చట్టంలో అంతగా ఎవరూ పట్టించుకోని 166వ సెక్షన్ ఇంతకంటే పెద్ద మాట చెప్పింది: డైరెక్టరు వాటాదారులతో పాటు ఉద్యోగులు, సమాజం, పర్యావరణ రక్షణను కూడా దృష్టిలో పెట్టుకుని పనిచేయాలి. ఇది లాభం ఖర్చుపెట్టే తీరు గురించి కాదు, సంపాదించే తీరు గురించి.

ప్రభుత్వరంగం ఈ చిక్కుకు వేరే దారి చూపించాలనుకుంది. నెహ్రూ ఆనకట్టలనూ కర్మాగారాలనూ ఆధునిక దేవాలయాలతో పోల్చాడు. అక్కడ యజమాని జాతి కాబట్టి లెక్క జాతికే చెప్పాలన్నది ఆశ. విశాఖ ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. ‘ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంలో హక్కు అన్న మాట ఊరికే పడలేదు. కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. భూములిచ్చిన ఊళ్లలో పునరావాసపు ఆర్-కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ వయసు దాటిపోయినవాళ్లు ఉన్నారు. 2021లో నూరు శాతం అమ్మకానికి కేంద్రం నిర్ణయం తీసుకున్నప్పుడు ప్రాణాలిచ్చినవాళ్ల కుటుంబాలనూ, భూములిచ్చినవాళ్లనూ ఎవరూ అడగలేదు. 2025లో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చినప్పుడూ అడగలేదు. గుడి అన్నారు గానీ ధర్మకర్తల మండలిలో భక్తుడికి చోటు లేదు.

దసరా నాడు ఈ చర్చంతా మరో రూపంలో కనిపిస్తుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఆయుధపూజకు ముందు రోజు కుర్రాళ్లు లేత్ మిషన్‌ను కిరోసిన్ గుడ్డతో తుడుస్తారు. తెల్లవారి దానికి పసుపూ కుంకుమా బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, స్పానర్లూ డ్రిల్ బిట్లూ ఒక గుడ్డ మీద పేరుస్తారు. గుమ్మంలో గుమ్మడికాయ పగులుతుంది, లారీ చక్రం కింద నిమ్మకాయ నలుగుతుంది. ఆ రోజు మిషన్ ఆన్ చేయరు. ఓనరు అందరికీ స్వీటు పాకెట్టూ, కవర్లో కొంత డబ్బూ ఇస్తాడు. ఆ కవరే పెద్ద కర్మాగారాల్లో బోనస్. మిల్లుల కాలంలో అది యజమాని ఇష్టం మీద ఇచ్చే ఇనాం. సమ్మెలూ ట్రైబ్యునళ్లూ దాటి 1965 చట్టంతో అది హక్కు అయింది, తరవాత దాని కనీస మొత్తం ఏడాది జీతంలో 8.33 శాతానికి చేరింది. సరిగ్గా ఒక నెల జీతం. ఇనాం ఇచ్చినవాడికి దణ్నం పెట్టాలి, హక్కు ఇచ్చినవాడిని లెక్క చూపించమనవచ్చు. ఆ కవరు చిన్న షెడ్లో ఇప్పటికీ ఇనాంగానే ఉంది.

మంచీ చెడూ ఒకే గొట్టంలోంచి రావడం చూడాలంటే హైదరాబాద్ మందుల పరిశ్రమను చూడాలి. 1961లో మొదలైన ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్ ఇక్కడ రసాయన శాస్త్రజ్ఞులను తయారుచేసింది. 1970 పేటెంటు చట్టం మందును కాక తయారీ పద్ధతినే కాపాడటంతో భారతీయ కంపెనీలు అదే మందును వేరే దారిలో చవకగా చేయగలిగాయి. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించాడు. వరప్రసాద్ రెడ్డి తల్లి పేరు పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను తెచ్చి ధర నేలకు దించింది. పేదవాడికి మందు అందించడం ఏ మతంలోనైనా పుణ్యమే. అదే కాలంలో పటాన్‌చెరు చుట్టుపక్కల వాగులూ చెరువులూ రంగులు మారాయి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయోటిక్కులు అసాధారణ స్థాయిలో ఉన్నాయని ప్రచురించారు. ఎక్కడో రోగి కోలుకున్నాడు, ఇక్కడ వరిమడి చచ్చింది. ఈ రెంటినీ ఒకే తక్కెడలో వేసి తూచడం తేలికే, తూచేవాడు ఆ వరిమడి రైతు కానంత వరకు.

హాని జరిగాక చట్టం మేల్కొంటుంది. 1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లో ఒక కర్మాగారం నుంచి వచ్చిన విషవాయువు వేలమందిని చంపింది. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. 2010లో ఏడుగురు భారతీయ అధికారులకు రెండేళ్ల శిక్ష పడింది. ఆ కర్మాగారపు మాతృసంస్థ అధినేత ఒక్కనాడూ భారత కోర్టు బోనెక్కలేదు. భోపాల్ నీడలోనే, ఢిల్లీ శ్రీరామ్ ఫ్యాక్టరీ ఓలియం లీకు కేసులో 1986లో సుప్రీంకోర్టు సంపూర్ణ బాధ్యత సూత్రాన్ని రూపొందించింది. ప్రమాదకరమైన పని చేసే సంస్థ తన తప్పు లేదని చెప్పుకోవడానికి వీల్లేదు. సంస్థ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దది. మనుస్మృతి చాలాచోట్ల తక్కువ కులాన్ని ఎక్కువ శిక్షిస్తుంది గానీ, దొంగతనం దగ్గర మాత్రం తెలిసి చేసినవాడి స్థాయి పెరిగేకొద్దీ జరిమానా రెట్టింపు చేస్తూ పోతుంది. ఆ ఒక్క చోట మనువూ సుప్రీంకోర్టూ ఒకే మాట మీద ఉన్నారు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయినప్పుడు జాతీయ హరిత ట్రైబ్యునల్ ముందుగా 50 కోట్లు జమ చేయించింది ఈ దారిలోనే.

కాబట్టి కంపెనీకి ధర్మం ఉంటుందా అన్న ప్రశ్నకు సరైన జవాబు, ధర్మం కంపెనీకి ఉండదు, దాని పేరిట సంతకం పెట్టేవాళ్లకు ఉంటుంది అన్నదే. వాళ్లు ధర్మకర్తలు అవుతారా దాతలుగా మిగులుతారా అన్నది వాళ్ల మంచితనం తేల్చదు. లెక్క అడగగలిగినవాడు ఉన్నాడా లేదా అన్నది తేలుస్తుంది. దేవుడి విషయంలో చట్టం దీన్ని ఎప్పుడో గుర్తించింది. దేవుడు ఎన్నటికీ మైనరే. చూసుకోవలసినవాడే ద్రోహం చేస్తే మామూలు భక్తుడు కూడా దేవుడి తరఫున దావా వేయవచ్చని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీ యాజమాన్యం దారి తప్పితే మూకుమ్మడిగా ట్రైబ్యునల్‌కు వెళ్లే హక్కును కంపెనీల చట్టం 245వ సెక్షన్ వాటాదారులకూ డిపాజిటుదారులకూ ఇచ్చింది. ఆ సెక్షన్‌లో ప్రహరీ అవతలి ఊరి ప్రస్తావన లేదు.